పనస పలక మీద జిగురు మరక



రంజాన్ ఈద్ తర్వాత ఇక్కడ ఒక్క ముక్క రాయలేదు. తబియత్ బాగాలేదేమో అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు కూడా. అల్హమ్దులిల్లాహ్, ఖైరియతే. ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని ఒక బ్యాంజో చేస్తున్నాను. పదిహేను రోజుల పని అనుకున్నది రెండు నెలలు పట్టింది. అందులో నెల పైగా ఒక్క జిగురు మరకకే పోయింది. ఈసారి ఆ మరక గురించే రాస్తాను.

బ్యాంజో అంటే ఇంగ్లీషు సినిమాల్లో గుండ్రంగా డప్పులా కనపడేది కాదు. మన ఖవ్వాలీ పార్టీల్లో హార్మోనియం పక్కన పొడుగాటి పెట్టె ఒకటి ఉంటుంది చూడండి, ఎడమ చేత్తో టైపు మిషను మీటల్లా నొక్కుతూ కుడి చేత్తో తీగలు మీటుతుంటారు, అది. అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. మనవాళ్ళకి బ్యాంజో అనే అలవాటు. దాని పుట్టిల్లు మన దేశం కూడా కాదు. 1912లో జపాన్‌లో నగోయా ఊరి మనిషి మోరితా గోరో తైషోగోతో అని ఒక వాద్యం తయారు చేశాడు. అదే మన దేశానికి వచ్చి, పేరు మార్చుకుని, దర్గాల ముందు షామియానాల కింద కూర్చుంది.

మా అబ్బా వడ్రంగం చేసేవారు. పగలు ఉలి, రాత్రి బ్యాంజో. కసుమూరు ఉర్సుకి, పెదకాకాని బాజీబాబా దర్గాకి, ఎక్కడ మెహఫిల్ ఉంటే అక్కడికి పార్టీతో పోయేవారు. భాయిజాన్‌కీ నాకూ ఆ పెట్టె ముట్టుకునే ఇజాజత్ లేదు. కానీ భాయిజాన్ దొంగతనంగా వాయించేవాడు. నాకు చెవి లేదు, చెయ్యి ఉంది. అందుకే అతనికి పాట వచ్చింది, నాకు ఉలి వచ్చింది.

ఈ పనులన్నీ మనకెందుకు, హరామ్ కదా అనేవాళ్ళు మా ఖాందాన్‌లోనూ ఉన్నారు. ఆ బహస్ ఉలమాలకు వదిలేస్తాను, నాకంత ఇల్మ్ లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరంతో 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. నూజివీడులో వీణలు చేసే షేక్ మాబు గారి కుటుంబం మనవాళ్ళే. సరస్వతి చేతిలో ఉండే వాద్యాన్ని కలిమా చదివే చేతులు చెక్కుతున్నాయి. ఆ వీణలు పనస చెక్కతో చేస్తారు. నేను బ్యాంజో మూతకి పనస పలక ఎంచుకోవడానికి కారణం అదే.

ఇక అసలు సంగతి.

అబ్బా ఇంతెఖాల్ అయి పదేళ్ళు దాటింది. ఇంటి పంపకం దగ్గర మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది. జమాత్ పెద్దలు కూర్చున్నారు. అక్కడ నేను ఇల్లు గురించి మాట్లాడి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. భాయిజాన్ చేసిన అప్పుల సంగతి, అబ్బా చివరి రోజుల్లో అతను దాచిన ఒక సంగతి, ఇంకా రాయకూడనివి, అన్నీ నలుగురిలో పెట్టాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ రోజంతా "నేను సచ్ చెప్పాను" అని గర్వంగా తిరిగాను. భాయిజాన్ తలెత్తకుండా కూర్చుని, నాకు రావలసిన దానికంటే ఒక గది ఎక్కువే నాకు రాసిచ్చి, భాభీనీ పిల్లాణ్ణీ తీసుకుని ఒంగోలు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈద్‌కి సలాం, మయ్యత్‌కి ఇన్నా లిల్లాహి, అంతవరకే మా మాటలు.

అబ్బా బ్యాంజో నా దగ్గరే ఉండిపోయింది. అటక మీద పెట్టి మరిచిపోయాను. ఒక వానాకాలం చూస్తే పెట్టెకి చెదలు పట్టింది. మీటలు, ఇత్తడి పట్టీలు, తీగల బిరడలు మిగిలాయి. వాటిని బిస్కెట్ల డబ్బాలో పోసి పెట్టాను.

ఈ రంజాన్ ఈద్ రోజు భాయిజాన్ కొడుకు ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడికి పంతొమ్మిది. ఈద్ ముబారక్ అన్నాక కాసేపు నసిగి అడిగాడు.

"చిచ్చా, దాదా బ్యాంజో మీ దగ్గరే ఉందా?"

"ఎందుకు బేటా?"

"ఊరికే. అబ్బా అప్పుడప్పుడు బల్ల మీద వేళ్ళు ఆడిస్తుంటాడు. ఏంది అంటే, బ్యాంజో అన్నాడు."

చెదలు తినేసిందని చెప్పలేకపోయాను. "ఉంది బేటా, బక్రీద్‌కి వచ్చి తీసుకుపో" అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, ఉన్నది బిస్కెట్ల డబ్బా ఒక్కటే.

నేను చేసేది ఏం పని అనేది పాత దోస్తులకు తెలుసు. చీమకుర్తిలో గ్రానైటు పలకలు రేవులకు పోతాయి కదా, వాటికి చెక్క చట్రాలు బిగిస్తాను. ఆ చెక్కని ఎవరూ చూడరు. మేకు దిగితే చాలు. మధ్యలో ఇళ్ళ వాళ్ళకి తలుపులు, కిటికీలు. అంటే చెయ్యి మొరటుబారి చాలా ఏళ్ళయింది. అయినా బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టాను. పాత ఇంటి టేకు ద్వారబంధం ఒకటి కోసి పక్క పలకలు తీశాను. పనస పలకని చిత్రిక పట్టి నాలుగు మిల్లీమీటర్లకు దించాను. అబ్బా పెట్టె కొలతలు అడుగున మిగిలిన చెక్క ముక్కని బట్టి లెక్కేశాను.

జిగురు పెట్టిన రోజు ఏప్రిల్ ఎండ. మా రేకుల షెడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అబ్బా కాలంలో సరేసు వాడేవాళ్ళు. మన వడ్రంగులు వజ్రం అంటారే, పశువుల తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసే జిగురు, అది. దాంట్లో ఒక మేలుంది. ఎన్నేళ్ళకైనా వేడినీళ్ళ గుడ్డ పెడితే మెత్తబడి వదులుతుంది. అందుకే వాద్యాలు బాగుచేసేవాళ్ళకి అదంటే ఇష్టం. నేను మాత్రం చేతికి అలవాటైన ఫెవికాల్ తీసుకున్నాను. ఊడకూడదన్న భయంతో ఎక్కువే పూశాను. శికంజాలు బిగించగానే అంచుల వెంట తెల్లగా పొంగి కారింది. కంగారుపడి తడిగుడ్డతో తుడిచాను. చూడటానికి శుభ్రమైపోయింది.

అదే నేను చేసిన గలతీ. తడిగుడ్డతో తుడిస్తే జిగురు పోదు. పలచనై చెక్క సన్న రంధ్రాల్లోకి ఇంకుతుంది. మీదేం కనపడదు. ఆరాక రంగు గానీ పాలిష్ గానీ పెట్టినప్పుడు, జిగురు ఇంకిన చోట చెక్క రంగు పీల్చదు. అక్కడ తెల్లగా మచ్చ తేలుతుంది. దానిపైన నా బొటనవేలు కూడా పడింది. శికంజా సర్దుతూ జిగురు వేలితో పనస పలక నడిమధ్యన పట్టుకున్నాను.

అప్పటికి నాకిదేం తెలియదు. ఉప్పుకాగితంతో రుద్దాను, నున్నగా వచ్చింది. రాత్రి కరెంటు పోతే మా అమ్మాయి ఫోను టార్చి పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. టార్చిని పలక పక్కనుంచి పడుకోబెట్టినట్టు పట్టుకుని, "అబ్బా, ఇక్కడ ఎవరిదో వేలిముద్ర ఉంది" అంది.

చూశాను. పై నుంచి వెలుతురు వేస్తే ఏమీ లేదు. పక్క వెలుతురులో పలక మధ్యన వేలిముద్ర, అంచుల వెంట ఏటి ఒడ్డు నురగలా మెరిసే గీత. అనుమానం తీరక గుడ్డకి స్పిరిట్ తడిపి పలకంతా తుడిచాను. చెక్కంతా తేనె రంగుకి తిరిగింది. మరకలున్న చోట మాత్రం పాలిపోయి మిగిలింది. వేలిముద్రలో గీతలు లెక్కపెట్టవచ్చు.

"పోనీలే, ముదురు రంగు పాలిష్ కొట్టేస్తా. నల్లటి రోజ్‌వుడ్ రంగు రెండు చేతులు వేస్తే ఎవరికి కనపడుతుంది?" అన్నాను.

అమ్మాయి వెంటనే అడిగింది. "మరి వాడికి చెబుతావా?"

"ఏం చెప్పాలి?"

"కింద మరక ఉందని."

నవ్వేసి పొమ్మన్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిన వాకియా మనందరం జుమా బయాన్‌లో విన్నదే. తడిసిన గింజలు జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని అడిగారు. సరుకులో ఐబు ఉంటే చూపించి అమ్మాలి. మనిషి విషయం వచ్చేసరికి మాట వేరు. సాటి ముసల్మాన్ ఐబుని కప్పినవాడి ఐబుని ఖయామత్ నాడు అల్లాహ్ కప్పుతాడని కూడా మనం విన్నాం. సరుకు ఐబు బయట పెట్టు, మనిషి ఐబు కప్పు. ఇంత సాఫ్‌గా ఉంది మసలా.

చీకట్లో పడుకుని లెక్క చూసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదేంటి? తలుపులో ముడి ఊడితే రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి నింపి, లప్పం పెట్టి, ముదురు పాలిష్ కొట్టి, నోరు మూసుకుని డబ్బు తీసుకున్నాను. పగులు నింపడం తప్పు కాదు. గ్రానైటు పలకకి కూడా సన్న పగుళ్ళుంటే రెసిన్ పోసి పాలిష్ పెడతారు, కొనేవాడికీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. నేను చెప్పకుండా కప్పాను, అదీ తప్పు. ఇక నా సొంత భాయి ఐబుల్ని జమాత్ ముందు ఒక్కొక్కటీ టార్చి వేసి చూపించాను. కప్పాల్సింది విప్పాను, విప్పాల్సింది కప్పాను. రెండూ తిరగేసి చేశాను.

ఫజర్ తర్వాత షెడ్డులోకి పోయి ముదురు రంగు డబ్బా తీసి పక్కన పెట్టేశాను.

ఇప్పుడు మరక తీసిన తరీఖా చెబుతాను. మన పిల్లల్లో చెక్క పని నేర్చుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి పనికొస్తుంది.

మొదట ఉప్పుకాగితంతోనే మరకని అరగదీద్దామని చూశాను. అది తప్పు. రుద్దితే పుట్టే వేడికి జిగురు మెత్తబడి ఇంకా లోపలికి పాకుతుంది. పైగా ఒక్కచోటే రుద్దితే అక్కడ గుంట పడుతుంది. బల్ల అయితే ఒక మిల్లీమీటరు చిత్రిక పట్టి అవతల పారేయవచ్చు. వాద్యం అలా కాదు. నాలుగు మిల్లీమీటర్ల పలకలో ఒక మిల్లీమీటరు పోతే దాని గొంతే మారిపోతుంది. అదీ ఒక్కచోట పలచనైతే ఇంకా కష్టం.

తర్వాత సిర్కా. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుకి గోరువెచ్చని సిర్కా బాగా పనిచేస్తుంది. చిన్న నూలుగుడ్డ ముంచి, పిండి, మరక మీద వరకే పరిచి పది నిమిషాలు ఉంచాలి. జిగురు తెల్లగా ఉబ్బి రబ్బరులా అవుతుంది. అప్పుడు గీకాలి. నేను ఇక్కడ ఇంకో తప్పు చేశాను. తొందరపడి ఇనుప పీచుతో రుద్దాను. టేకు పలక మీద గంటలో నల్ల చుక్కలు లేచాయి. టేకులో ఉండే వగరుకి ఇనుమూ సిర్కా కలిస్తే సిరాలా నలుపు దిగుతుంది. నిమ్మరసం రాస్తే కొంత తగ్గింది, మిగతాది గీకి తీశాను. కాబట్టి సిర్కా వాడేచోట ఇనుము తేకండి. పాత టూత్ బ్రష్ చాలు, అదీ చెక్క చార వెంటే, అడ్డంగా కాదు.

గీకడానికి అబ్బా వాడిన హథియార్ గాజు పెంకు. కిటికీ అద్దం ముక్క పగిలిన అంచుని కొంచెం వాలుగా పట్టి, చార వెంట తేలిగ్గా లాగితే ఉల్లిపొర కంటే సన్నగా చెక్క పొర లేస్తుంది. చేతికి గుడ్డ చుట్టుకోండి, నాకు రెండుసార్లు తెగింది. రుద్దడానికీ గీకడానికీ తేడా ఉంది. రుద్దితే జిగురు లోపలికి పోతుంది, గీకితే పైకి లేచి వస్తుంది.

తడి తగిలాక పలకని ఒక రాత్రంతా ఆరనివ్వాలి. సన్న పలక ఒకవైపే తడిస్తే విల్లులా వంగుతుంది. అందుకే తడి తక్కువ, వ్యవధి ఎక్కువ. నేను రోజుకి ఒక్క మరక చొప్పునే తీశాను. పైగా మా ఊళ్ళో గ్రానైటు పొడి గాల్లోనే ఉంటుంది, తడి చెక్క మీద అదంతా వాలుతుంది. పాత దుపట్టా కప్పి పెట్టేవాణ్ణి. ప్రతిరోజూ ఆరాక మళ్ళీ స్పిరిట్ గుడ్డ, మళ్ళీ పక్క నుంచి టార్చి. అమ్మాయి నా ముఫత్తిష్. "ఇంకా ఉంది అబ్బా" అనేది. మర్నాడు మళ్ళీ సిర్కా.

మరక పోయాక కూడా పని అయిపోదు. గీకిన చోట ఒక రకం నునుపు, మిగతా చోట ఇంకో రకం ఉంటే, పాలిష్‌లో ఆ తేడా మళ్ళీ మచ్చలా తేలుతుంది. అందుకని పలకంతా ఒకే తీరున 180 నంబరు కాగితం, తర్వాత 220 తేలిగ్గా పట్టాలి. ఒక్క మరక కోసం మొత్తం పలకని మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలన్నమాట. ఆ తర్వాత రంగేమీ కలపకుండా ఒట్టి చపడా, స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టింది, పలచగా గుడ్డతో ఆరు చేతులు వేశాను. పనస పసుపుగా మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ తనే ముదురుతుంది. మన రంగు దానికి అక్కర్లేదు.

మరక పడకుండా చూసుకోవడమే అన్నిటికంటే ఆసాన్. జిగురు తగుమాత్రం పూయండి. అతుకు పక్కన టేపు అంటించి జిగురు పెట్టండి. పొంగిన జిగురుని వెంటనే తుడవకండి. సబర్ పట్టి, అది రబ్బరులా గట్టిపడే దాకా ఆగి ఉలి అంచుతో లేపండి. దారంలా ఊడి వస్తుంది. మా ఎండలకి అరగంట కూడా పట్టదు.

ఒక్క మరక మాత్రం మిగిలింది. పెట్టె లోపలి మూలలో, చెయ్యి పట్టనిచోట జిగురు కారి గడ్డకట్టింది. మూత ఊడదీస్తే తప్ప పోదు. ఊడదీస్తే పలక విరుగుతుంది. అలాగే వదిలేశాను.

బక్రీద్ మూడో రోజు పిల్లాడు ఒంగోలు నుంచి బస్సులో వచ్చాడు. వాడొక్కడే. భాయిజాన్ వస్తాడేమో అని మా ఇంటావిడ ఇద్దరికి సరిపడా కుర్బానీ గోష్ ఎక్కువే వండింది. తిన్నాక బ్యాంజో తెచ్చి వాడి ముందు పెట్టాను.

"బేటా, ఇది మీ దాదా బ్యాంజో కాదు. దాన్ని నేను చూసుకోక చెదలు తినేసింది. మీటలూ ఇత్తడీ ఆయనవి, పెట్టె నేను చేశాను. ఇదుగో, ఈ కన్నంలోంచి టార్చి వేసి చూడు, లోపల మూలలో జిగురు మరక ఉంది. తీయలేకపోయాను. తెలిసే తీసుకో."

వాడు కన్ను పెట్టి చూశాడు. "ఏం పర్వాలేదు చిచ్చా, వాగుతుందిగా" అని మీటాడు. వాడికి పెద్దగా రాదు, యూట్యూబు చూసి నేర్చుకున్నది. రెండు వరసలు వాయించి ఎవరికో ఫోన్ కలిపి స్పీకరు పెట్టి నేల మీద ఉంచాడు. అవతల నుంచి ఏ మాటా లేదు. వీడు మళ్ళీ వాయించాడు.

నా గొంతు ఎండిపోయింది. జమాత్ ముందు పదేళ్ళ కిందట అంత గట్టిగా మాట్లాడిన నోరు ఇదే. ఫోను దగ్గరికి వంగి, "భాయిజాన్, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. మాఫ్ కర్ దేవ్" అన్నాను.

చాలాసేపు ఏమీ వినపడలేదు. కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

"రెండో తీగ దిగింది" అన్నాడు. "కొంచెం బిగించు. మరీ బిగించకు, కొత్త చెక్క కదా, నాలుగు రోజులు సర్దుకోవాలి."

బిరడ తిప్పాను. నాకు చెవి లేదని చెప్పాను కదా. "ఇంకొంచెం" అన్నాడు. తిప్పాను. "ఇంకొంచెం... బస్" అన్నాడు.